తెగిన నరం తీగలా వాడిపోదు

తెలుగులో నరం అన్న మాట మీద మోయలేనంత బరువుంది. సెలైన్ పెట్టేటప్పుడు నర్సు "నరం దొరకట్లేదు" అంటుంది, అది రక్తనాళం. మెడ బిగుసుకుంటే "నరం పట్టేసింది" అంటాం, అది కండరం. గోడల మీద రంగులతో రాసే "నరాల బలహీనత" సంగతి అసలే వేరు. తీరా వెన్నుపాము నుంచి చేతికో కాలికో కబురు మోసుకెళ్లే నిజమైన నరం తెగినప్పుడు మన దగ్గర మిగిలేది ఒకటే మాట: చచ్చుబడింది.

ఆ మాటతోనే నా పేచీ. దాని వెనక ఒక బొమ్మ దాక్కుని ఉంది. ఆనపపాదు మొదలు కోస్తే పందిరి మీద తీగ నీళ్లందక రెండు రోజుల్లో వాడిపోతుంది. నరమూ అంతే, పైనుంచి పోషణ ఆగింది కాబట్టి కింది ముక్క మెల్లగా ఎండిపోయింది అనుకుంటాం. వైద్యశాస్త్రం కూడా దాదాపు 140 ఏళ్లు అలాగే అనుకుంది. తప్పు. తెగిన పోగు మొదట కొంతకాలం నిక్షేపంగా ఉంటుంది. ఆ తర్వాత, తన కడుపులోనే దాచుకున్న ఒక ఎంజైముతో తనను తానే కూల్చుకుంటుంది. ఆ శిథిలాల్ని ఎత్తిపోయడానికి వేరే కణాలు దిగుతాయి. కూల్చే పని ఒకరిది, ఎత్తే పని ఇంకొకరిది. ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి "నరం దెబ్బతింది" అని సరిపెట్టుకుంటున్నందువల్లే పరీక్ష ఎప్పుడు చేయించాలో, ఆపరేషన్‌కి ఎన్నాళ్లు ఆగొచ్చో, ఏ మందు ఎక్కడ పనికొస్తుందో అన్నీ గాడి తప్పుతున్నాయి.

నిర్మాణం గురించి నాలుగు ముక్కలు చాలు. మనం నరం అనేది వేల పోగుల కట్ట. ఒక్కో పోగు ఒక్క కణం సాచిన చెయ్యి. ఆ కణాన్నే ఇక్కడ మూలకణం అంటున్నాను, స్టెమ్ సెల్ అని కాదు. దాని పేరు ఆక్సాన్. మందం వెంట్రుక కంటే ఎంతో తక్కువ, మైక్రాన్లలో లెక్క. పొడవు మాత్రం నడుము నుంచి కాలి బొటనవేలి దాకా, మీటరు. కండరాన్ని ఆడించే పోగుకి మూలకణం వెన్నుపాములో ఉంటుంది. స్పర్శ తెలిపే పోగుకి మూలకణం వెన్నుపాము బయట, వెన్నుపూసల పక్కనున్న చిన్న ముడిలో ఉంటుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. పెద్ద పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు. ఆ తొడుగు వేసేది శ్వాన్ కణాలు. ఒక్కో కణం సుమారు ఒక మిల్లీమీటరు మేర చుట్టుకుంటుంది. అంటే బొటనవేలి దాకా వెళ్లే ఒక్క పోగుకి దాదాపు వెయ్యిమంది కాపలాదారులు. ఈ పోగులూ తొడుగులూ అన్నీ సన్నటి పొర గొట్టాల్లో ఇమిడి ఉంటాయి.

1850లో లండన్‌లో అగస్టస్ వాలర్ అనే వైద్యుడు కప్ప నాలుకకి వెళ్లే నరాలు కోసి, ఆ నాలుకను సూక్ష్మదర్శిని కింద చూశాడు. కోసిన చోటు నుంచి నాలుక వైపున్న పోగులు కొద్ది రోజుల్లో విరిగిన పాలలా ముక్కలుముక్కలయ్యాయి. తల వైపున్నవి బాగానే ఉన్నాయి. అందుకే దీనికి వాలేరియన్ క్షీణత అని పేరు. మూలకణం నుంచి పోషణ అందక చనిపోయిందని అర్థం చెప్పుకున్నారు. ఆనపతీగ బొమ్మ అక్కడ మొదలైంది.

దాన్ని చెరిపేసింది ఒక ఎలుకల జాతి. 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో తెగిన నరంలోకి రక్తంలోని తెల్లకణాలు ఎలా చేరతాయో చూస్తున్న బృందానికి ఒక సరఫరాదారు నుంచి వచ్చిన ఎలుకలు వింతగా కనిపించాయి. మామూలు ఎలుకలో కాలి నరం కోస్తే ఒకటిన్నర రెండు రోజులకి కింది ముక్క ఛిద్రమవుతుంది. వీటిలో రెండు వారాల తర్వాత కూడా తెగిన ముక్క చెక్కుచెదరలేదు. విద్యుత్తు తాకిస్తే కబురు మోసింది. పోషణ లేకపోవడమే చావుకి కారణమైతే ఈ పోగులు ఏం తిని బతికినట్టు? అంటే మామూలు పోగు ఆకలితో చావడం లేదు. అందులో చంపే ఏర్పాటేదో ఉంది, ఈ ఎలుకల్లో అది పని చేయడం లేదు. ఆ వింతకి కారణమైన జన్యువు 2001 నాటికి దొరికింది: రెండు జన్యువులు పొరపాటున అతుక్కుని పుట్టిన ఒక కలగలుపు ప్రోటీన్. అందులో ఎక్కువ భాగం ఎన్‌మ్నాట్-1, అంటే ఎన్‌ఏడీ తయారుచేసే ఎంజైము. ఎన్‌ఏడీ అనేది ప్రతి కణమూ శక్తి తీసేటప్పుడు వాడుకునే చిల్లర డబ్బులాంటి అణువు.

ఇక కూల్చివేత ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. మామూలుగా పోగులో ఎన్‌ఏడీ తయారుచేసేది ఎన్‌మ్నాట్-2. ఇది మూలకణంలో తయారై పోగు వెంట ప్రయాణిస్తుంది. దీని ఆయుష్షు చాలా తక్కువ, గంటల్లో లెక్క. అందుకే పైనుంచి సరుకు ఆగకుండా వస్తుండాలి. పోగు తెగింది. సరుకు ఆగింది. ఉన్నది కొద్ది గంటల్లో కరిగిపోతుంది. ఈ ఎంజైము చేసే పని ఎన్‌ఎమ్‌ఎన్ అనే ముడిసరుకుని ఎన్‌ఏడీగా మార్చడం. ఎంజైము లేదు కాబట్టి ముడిసరుకు పేరుకుంటుంది, తయారుసరుకు తగ్గుతుంది. ఈ రెండింటి నిష్పత్తినీ కనిపెట్టుకుని కూర్చునే ప్రోటీన్ ఒకటుంది: సార్మ్-1. ఎనిమిది ముక్కలు చక్రంలా కూడి ఉంటుంది. మామూలు వేళ దాని మెడలో ఎన్‌ఏడీ అతుక్కుని చక్రాన్ని మూసి ఉంచుతుంది. ఎన్‌ఎమ్‌ఎన్ ఎక్కువైతే ఆ చోటు అది ఆక్రమిస్తుంది, చక్రం తెరుచుకుంటుంది. తెరుచుకున్న సార్మ్-1 స్వయంగా ఎన్‌ఏడీని నరికే కత్తి. మిగిలిన కాస్త ఎన్‌ఏడీని కూడా నరికేస్తుంది. శక్తి అడుగంటుతుంది, కాల్షియం లోపలికి వరదలా వస్తుంది, కాల్షియంతో మేలుకునే కాల్‌పైన్ ఎంజైములు పోగు అస్థిపంజరాన్ని తుంచుతాయి. ఇంతసేపూ నున్నగా ఉన్న పోగు కొద్ది గంటల్లో పూసలదండలా ఉబ్బి, ఆ పూసలు విడిపోతాయి.

2012లో ఈగల మీద చేసిన వెతుకులాటలో సార్మ్-1 పాత్ర బయటపడింది; అది లేని ఈగల్లో తెగిన పోగులు వారాల తరబడి నిలిచాయి, ఎలుకల్లోనూ అదే కథ. ఆ ప్రోటీన్ తానే కత్తి అన్న సంగతి 2017లో తేలింది. వీటన్నిటికంటే నన్ను ఒప్పించిన సాక్ష్యం మాత్రం ఒక ఎలుకల మందు. 1970లలో అమెరికాలో వేకర్ అనే మందు అమ్మేవారు. పొరపాటునో చావాలనో మింగిన మనుషుల్లో నరాలు ఘోరంగా దెబ్బతిన్నాయి, మధుమేహమూ వచ్చింది. 1979లో మార్కెట్ నుంచి తీసేశారు. నలభై ఏళ్ల తర్వాత కారణం తెలిసింది: ఒంట్లో అది ఎన్‌ఎమ్‌ఎన్‌ని పోలిన అణువుగా మారి సార్మ్-1 చక్రాన్ని నేరుగా తెరుస్తోంది. ఏ నరమూ తెగలేదు, ఏ పోషణా ఆగలేదు. తాళంచెవి ఒక్కటి దొరికింది, కొంప కూలింది.

(యవ్వనం నిలబెడతామంటూ ఎన్‌ఎమ్‌ఎన్ మాత్రలు అమ్ముతున్నారు కదా అని మీకు అనుమానం రావచ్చు. బాగున్న పోగులో ఎన్‌మ్నాట్-2 ఉంటుంది. వచ్చిన ఎన్‌ఎమ్‌ఎన్‌ని వెంటనే ఎన్‌ఏడీగా మార్చేస్తుంది. చిక్కల్లా ఆ ఎంజైము లేనప్పుడే.)

మనకి పనికొచ్చే అసలు సంగతి ఈ "కొంతకాలం నిక్షేపంగా" అన్న విరామం. మనిషిలో అది ఎలుకలో కంటే ఎక్కువ. ముంజేతికి గాజు దిగి నరం పూర్తిగా తెగిన మనిషిని తీసుకోండి. వేళ్లు కదలవు, స్పర్శ లేదు. అయినా గాయానికి కింద, అరచేతి వైపు నరాన్ని మొదటి మూడు రోజుల్లోపు కరెంటుతో తాకిస్తే కండరం టక్కున కదులుతుంది. చేతి సర్జన్లు, ముఖం మీద గాయాలు కుట్టేవాళ్లు ఈ 72 గంటల్ని బంగారంలా చూసుకుంటారు. నెత్తుటి ముద్దలో దారంలాంటి ముఖనరం కొమ్మ ఏదో కంటికి తెలియదు. స్టిమ్యులేటర్ మొన తాకించినప్పుడు పెదవి మూల అదిరితే అదే. నాలుగో రోజు నుంచి ఆ దీపం కొడిగడుతూ వస్తుంది, దాన్ని నమ్ముకోలేం. తర్వాత అంతా చేత్తో తడుముకోవడమే. అందుకే పదునైన వాటితో తెగిన శుభ్రమైన గాయంలో "వాపు తగ్గాక చూద్దాం" అని వారం వాయిదా వేయడం అంటే చేతికి దొరికిన గుర్తుని చేజార్చుకోవడమే.

ఇదే విరామం పరీక్ష విషయంలో తిరగబడుతుంది. నరం తెగిన మూడో రోజో నాలుగో రోజో ఎన్‌సీఎస్ (నరాన్ని కరెంటుతో తాకించి స్పందన కొలిచే పరీక్ష) చేస్తే కింది ముక్క ఇంకా బతికే ఉంటుంది కాబట్టి రిపోర్టు కాస్త తగ్గుదలతో వస్తుంది. "పెద్ద నష్టమేమీ లేదు" అని ఇంటికి పంపేస్తారు. అంకెలు ఇవి: కండరపు స్పందన 3 నుంచి 5 రోజుల్లో సగానికి పడిపోయి, సుమారు 9వ రోజుకి పూర్తిగా పోతుంది. స్పర్శ పోగుల స్పందన 7వ రోజుకి సగమై 11వ రోజుకి పోతుంది. కండరానిది ముందు పోవడానికి కారణం, నరం కండరాన్ని తాకే కీలు పోగు కంటే ముందే మొరాయిస్తుంది. కండరంలో సూది పెట్టి చేసే ఈఎమ్‌జీ ఇంకా ఆలస్యం. నరం వదిలేసిన కండరం తనంతట తాను వణికే గుర్తులు గాయానికి దగ్గరి కండరాల్లో 10 నుంచి 14 రోజులకి, దూరపు కండరాల్లో 3, 4 వారాలకి కనిపిస్తాయి.

కాబట్టి పూర్తి లెక్క తేలాలంటే పరీక్ష మూడు వారాల తర్వాతే. మొదటి రోజు పరీక్ష దండగ అని కాదు నేననేది. రోగి ప్రయత్నించినప్పుడు సూదికి ఒక్క మోటారు యూనిట్ (ఒక మూలకణం, అది ఆడించే కండర పోగులు) దొరికినా నరం పూర్తిగా తెగలేదని ఆ రోజే చెప్పొచ్చు. అది పెద్ద కబురు. మొదటి వారంలో చెప్పలేనిది వేరే: కబురు అక్కడ ఆగిందా, పోగే తెగిందా. 1943లో సెడ్డన్ అనే సర్జన్ చేసిన విభజన ఇప్పటికీ ఇక్కడే అక్కరకొస్తుంది. తొడుగు మాత్రమే నలిగి కబురు ఆగితే న్యూరాప్రాక్సియా. కింది ముక్క ఎన్నాళ్లైనా కరెంటుకి పలుకుతూనే ఉంటుంది, వారాల్లో నెలల్లో అదే బాగవుతుంది. పోగులు తెగి గొట్టాలు మిగిలితే ఆక్సోనోట్మెసిస్. నరం మొత్తం తెగితే న్యూరోట్మెసిస్. పదకొండో రోజు దాటాక గాయానికి కింద తాకించి చూస్తే మొదటిదానికీ మిగతా రెండింటికీ తేడా తెలిసిపోతుంది. చివరి రెండింటి మధ్య తేడా మాత్రం ఈ కరెంటు పరీక్ష చెప్పదు. ఎదురుచూపో, స్కానో, కత్తో చెప్పాలి.

ఇప్పుడు మూలకణాలు ఎక్కడున్నాయో గుర్తుంచుకోమన్న మాట. బైకు మీద నుంచి పడినప్పుడు తల ఒకవైపు, భుజం ఒకవైపు విడిపోయేలా లాగితే చేతికి వెళ్లే నరాల గుత్తి దెబ్బతింటుంది. మన రోడ్ల మీద ఈ గాయం తగిలేది ఎక్కువగా కుర్రాళ్లకే. చెయ్యి వేలాడుతుంది, స్పర్శ లేదు. నెల తర్వాత పరీక్ష చేస్తే స్పర్శ నరాల స్పందన భేషుగ్గా, నార్మల్‌గా వస్తుంది. రిపోర్టులో నార్మల్ అన్న మాట చూసి ఇంట్లోవాళ్లు దేవుడికి దండం పెట్టుకుంటారు. నిజానికి అంతకంటే చెడ్డ కబురు లేదు. నరం వెన్నుపాము నుంచే పెకలించుకుని వచ్చింది, మూలకణం ఉన్న ముడికి పైన. స్పర్శ పోగు తన మూలకణంతో ఇంకా కలిసే ఉంది కాబట్టి అది కూలలేదు, కరెంటుకి చక్కగా పలుకుతుంది. కానీ ఆ మూలకణానికీ వెన్నుపాముకీ మధ్య దారి లేదు. అదే పోగు ముడికి కింద తెగి ఉంటే స్పందన సున్నా అయ్యేది, కుట్టడానికి ఒక మొదలంటూ ఉండేది. వాలర్ కప్పల తర్వాత చేసిన రెండో ప్రయోగం సరిగ్గా ఇదే: ముడికి పైన కోస్తే వెన్నుపాము వైపు ముక్క పోయింది, ఒంటి వైపు ముక్క బతికింది. అదే వైపు కనురెప్ప వాలి, కంటిపాప చిన్నదైతే పెకలింపు అనుమానం ఇంకా బలపడుతుంది. అప్పుడు నరానికి నరం అతికించే మాట లేదు. పక్కన పనిచేస్తున్న నరంలోంచి ఒక పాయ తీసి కండరానికి దగ్గరగా కలపాలి. మోచెయ్యి ముడవడం కోసం, చిటికెనవేలి వైపు వెళ్లే అల్నార్ నరంలో ఒక పాయని బైసెప్స్ నరానికి కలిపే పద్ధతి 1994 నుంచి ఉంది.

కూల్చివేత గురించి ఇంత చెప్పాను. శుభ్రం చేసే పని దానికి తీసిపోనిది, దాన్ని పట్టించుకునేవాళ్లు మాత్రం తక్కువ.

పోగు ముక్కలవగానే దాని కాపలాదారు శ్వాన్ కణం వేషం మారుస్తుంది. సి-జూన్ అనే ప్రోటీన్ మీట నొక్కుతుంది. మైలిన్ తయారుచేసే జన్యువులు ఆగి, మరమ్మతు జన్యువులు మొదలవుతాయి. తాను చుట్టిన తొడుగునే అది కోడిగుడ్ల ఆకారపు ఉండలుగా తుంచి తానే తింటుంది. ఎలుకల్లో మొదటి వారంలో పోయే మైలిన్‌లో దాదాపు సగం శ్వాన్ కణాలే మింగేసినది. ఒంటరిగా పని కాదని తెలిసి రక్తం నుంచి మాక్రోఫేజ్‌లని, అంటే చెత్త మింగే కణాలని, పిలిచే రసాయనాలు వదులుతుంది. నరానికి రక్తానికి మధ్యనున్న గోడ వదులవుతుంది. రెండు మూడు రోజుల నుంచి మాక్రోఫేజ్‌లు గుంపులుగా దిగి, కొవ్వు మింగి మింగి నురగ నింపిన సంచుల్లా అవుతాయి. రక్తంలోంచి వచ్చిన యాంటీబాడీలు చెత్తకి గుర్తులు పెట్టి వాటి పని సులువు చేస్తాయి. ఎలుకలో రెండు నుంచి నాలుగు వారాల్లో గొట్టం ఖాళీ. ఆ ఖాళీ గొట్టంలో శ్వాన్ కణాలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి నిలబడతాయి. వీటిని బుంగ్నర్ పట్టీలు అంటారు. కొత్త పోగుకి దారి చూపేది ఈ వరస.

చెత్త ఎత్తకపోతే ఏమవుతుంది? పాత మైలిన్ మీద కొత్త పోగుల పెరుగుదలని ఆపే అణువులుంటాయి. అది అడ్డం ఉన్నంతకాలం మొలక ముందుకి రాదు. దీనికి రుజువు కోసం వెతకనక్కర్లేదు, మన మెదడూ వెన్నుపామే చాలు. అక్కడ మైలిన్ వేసేది శ్వాన్ కణాలు కావు, ఒలిగోడెండ్రోసైట్లు. వాటికి చెత్త తినే అలవాటు లేదు. మెదడులో చెత్త తినే కణాలు మైక్రోగ్లియా; అవి తింటాయి గానీ చాలా నెమ్మది. యాంటీబాడీలని మెదడు గోడ రానివ్వదు. మనిషి వెన్నుపాము గాయాల్లో మైలిన్ చెత్త ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. చేతి నరం తిరిగి పెరిగి వెన్నుపాము పెరగకపోవడానికి ఇదొక్కటే కారణం కాదు, కానీ ఇది పెద్ద కారణం. పక్షవాతం వచ్చినవాళ్ల స్కాన్లలో దీని నీడ కనిపిస్తుంది: దెబ్బ పైన మెదడులో తగిలితే, కొద్ది రోజులకే కింద మెదడు కాండంలో అదే వైపు ఒక మెరుపు వస్తుంది. అలవాటు లేని కన్ను రెండో స్ట్రోక్ అని బెదిరిపోతుంది. అది తెగిన పోగుల కూల్చివేత. నెలలు గడిచేసరికి ఆ వైపు కాండం సన్నబడుతుంది.

ఈ ఖాళీ గొట్టం సంగతి తెలిస్తే నరం అతుకు గురించి ఉన్న పెద్ద అపోహ తొలగిపోతుంది. మధ్యలో కొన్ని సెంటీమీటర్లు నరం పోతే పిక్క వెనక నుంచి సూరల్ నరం తీసి వేస్తారు. బదులుగా పాదం బయటి అంచున కొంత మేర మొద్దుబారుతుంది. "కాలి నరం తెచ్చి చేతికి వేశారు, నెల అయింది, ఇంకా కరెంటు రాలేదు" అని కంగారు పడతారు. అది తీగకి తీగ ముడేయడం కాదు. తెచ్చిన నరంలో పోగులన్నీ తెగిన క్షణం నుంచే చావు బాట పడతాయి, పడాలి కూడా. అక్కడ వేసింది గొట్టాలనీ, వాటిలోని శ్వాన్ కణాలనీ. చెత్త పోయాక పై ముక్క నుంచి కొత్త పోగు ఆ గొట్టంలోకి దూరి నడుచుకుంటూ పోవాలి. కుట్టేటప్పుడు రెండు కొనలనీ నలిగిన భాగం పోయి ఆరోగ్యమైన పాయలు ఉబికి కనిపించేదాకా చెక్కుతారు. ఆ చెక్కుడులో పిసినారితనం చూపితే మచ్చ కణజాలం అడ్డుపడి మొలకలు ముద్దగా చుట్టుకుంటాయి. ముట్టుకుంటే ప్రాణం పోయే న్యూరోమా అదే.

నడక వేగం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. కుట్టిన చోటు దాటడానికి మొదట రెండు నుంచి నాలుగు వారాలు కలపండి. మణికట్టు దగ్గర తెగితే బొటనవేలి కండరానికి ఏడెనిమిది సెంటీమీటర్లు, మూడు నాలుగు నెలలు. మోచెయ్యి దగ్గరైతే వేళ్ల కండరాలకి దాదాపు ఏడాది. భుజం దగ్గరైతే రెండేళ్లు దాటుతుంది. కానీ నరం లేని కండరం 12 నుంచి 18 నెలలకి మించి కాచుకోదు; కొవ్వూ నారా అయిపోతుంది. శ్వాన్ కణాల ఓపికా తరిగిపోతుంది. నెలలు గడిచేకొద్దీ సి-జూన్ పడిపోయి గొట్టాలు కుంచించుకుపోతాయి. "ఏడాది ఫిజియోథెరపీ చేసి చూద్దాం, తగ్గకపోతే ఆపరేషన్" అన్న మాట వినడానికి జాగ్రత్తగా ఉంటుంది, లెక్కలో మాత్రం తప్పు. మూడు నెలలకి ఏ కదలికా లేకపోతే నరాల సర్జన్ దగ్గర ఉండాలి. ఆరు నెలలు దాటనివ్వకూడదు. నడక సాగుతోందో లేదో ఇంట్లోనే గమనించవచ్చు: నరం దారి వెంట కింది నుంచి పైకి వేలితో తట్టుకుంటూ వస్తే ఒకచోట జివ్వుమని షాక్ కొట్టినట్టుంటుంది. 1915 నాటి టినెల్ గుర్తు అది. పెన్నుతో చుక్క పెట్టి తేదీ వేసుకోండి. నెలకి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి జరిగితే దారి తెరిచే ఉంది. రెండు నెలలు అదే చుక్క దగ్గర ఆగిందంటే అక్కడ ఏదో అడ్డం ఉంది.

పిరుదు సూది వల్ల పాదం వేలాడటం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పిల్లల్లో పిరుదు కండ పలచన. సూది కాలికి వెళ్లే పెద్ద నరమైన సయాటిక్ నరం పాయలోకి దిగి మందు అక్కడే చేరితే, మందు విషమే పోగుల్ని కూల్చేస్తుంది. గుచ్చిన క్షణమే పిల్లాడు కాలంతా మెరుపు కొట్టినట్టు ఏడ్చి, పాదం ఈడ్వడం మొదలుపెడితే అది జ్వరం నీరసం కాదు. పాదం వాలిపోకుండా వెంటనే స్ప్లింటు, మూడు వారాలకి పరీక్ష, మూడు నెలలకి మళ్లీ పరీక్ష. పసిపిల్లలకి తొడ ముందు బయటి వైపే సూది వేయమనడానికి కారణం ఇదే.

జబ్బుల్లో ఎవరూ కోయకుండానే ఇదే కూల్చివేత నడుస్తుంది. మధుమేహంలో, కొన్ని కీమో మందుల్లో పోగు చివరి నుంచి వెనక్కి చస్తూ వస్తుంది. పొడవైనవి ముందు పోతాయి, అందుకే మొదట కాలివేళ్లు, తర్వాత మేజోడు మేర, అది మోకాలి దాకా వచ్చేసరికి చేతివేళ్లు. పది గ్రాముల బరువుకి వంగే నైలాను పోగుతో అరికాలు తాకించినప్పుడు తెలియకపోతే, ఆ కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. కుష్ఠులో దారి వేరు: సూక్ష్మజీవి శ్వాన్ కణంలోనే కాపురం పెడుతుంది, దాన్ని తరమడానికి వచ్చిన మన కణాలే పోగుల్ని నాశనం చేస్తాయి. మోచేతి వెనక అల్నార్ నరం తాడులా గట్టిపడి చిటికెనవేలు మొద్దుబారితే, ఆరు నెలల లోపు స్టెరాయిడ్ మొదలుపెట్టినవాళ్లకే తిరిగొచ్చే అవకాశం బాగా ఉంటుంది.

వీళ్లందరికీ మన ఊళ్లలో ఇచ్చేది ఎర్రటి విటమిన్ ఇంజెక్షన్. బి12 లోపం ఉన్నవాళ్లకి అది నిజంగా మందే. శాకాహారులు, ఏళ్లుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు రక్తంలో చూపించుకోవాలి. లోపం లేనివాడి తెగిన నరానికి దానితో ఒరిగేదేమీ లేదు. అందులోనే కలిపే బి6 మోతాదు మీరి ఏళ్ల తరబడి పోతే స్పర్శ నరాల్ని అదే చెరుపుతుంది.

మరి సార్మ్-1ని మూసేసే మందు వస్తే? కంపెనీలు ఆ పనిలోనే ఉన్నాయి. 2020లో లిల్లీ అనే మందుల కంపెనీ అలాంటి ఒక సంస్థని కొనేసింది. సార్మ్-1 లేని ఎలుకలకి విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు ఇచ్చినా నరాలు నిలిచాయి. ఇక్కడే "నరాల్ని కాపాడే మందు" అన్న మాటని నేను ఒప్పుకోను. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ ఎలుకల్ని మళ్లీ చూడండి: తెగిన ముక్క వారాల తరబడి నిలిచింది, నిజమే. కానీ తర్వాతి ప్రయోగాల్లో వాటి స్పర్శ పోగులు మామూలు ఎలుకల కంటే నెమ్మదిగా, తక్కువగా తిరిగి పెరిగాయని తేలింది. పాత కాపురం ఖాళీ చేయలేదు, కొత్తవాడికి ఇల్లు దొరకలేదు. రోడ్డు మీద తెగిన చేతికి ఆ మందు ఇస్తే మూలంతో ఎప్పటికీ కలవని ముక్కని పట్టుకుని వేలాడినట్టే. అక్కడ కావలసింది కూల్చివేత ఆపడం కాదు, చెత్త త్వరగా ఎత్తించడం. కీమో తీసుకునేవాళ్ల సంగతి దీనికి తలకిందులు: పోగు మూలంతో కలిసే ఉంది, మందు ప్రభావం ఉన్న నాళ్లు గడిపిస్తే చాలు, బతికి బట్టకడుతుంది. పైగా బైకు ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. కీమో సీసా ఏ రోజు ఎన్ని గంటలకి ఎక్కిస్తారో చీటీ మీద రాసే ఉంటుంది.